మార్కులు కదలనప్పుడు

(బెంగళూరులో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకు ఇచ్చిన అంశం లా కోర్సు ప్రవేశ పరీక్ష, అంటే క్లాట్. పరీక్ష మొత్తం గురించి చెప్పడానికి కోచింగ్ సెంటర్లున్నాయి, యూట్యూబ్ ఉంది. నేను ఒక్క సంగతే తీసుకుంటాను. చదవడం మొదలుపెట్టిన రెండు మూడు నెలలు మార్కులు చకచకా పెరుగుతాయి. తర్వాత ఒకచోట ఆగిపోతాయి. మాక్ టెస్టు మీద మాక్ టెస్టు రాస్తారు. 68, 71, 69, 70. ఎంత చదివినా అంతే. మన పిల్లలు పరీక్ష వదిలేసేది సరిగ్గా అక్కడే. "ఇది మనవల్ల అయ్యేది కాదు పాస్టర్ గారూ, పెద్ద పెద్ద స్కూళ్లలో చదివినవాళ్లది" అంటారు.

అది నిజం కాదు. ఊరికే ధైర్యం చెప్పి పంపడానికి నేను రాలేదు. మార్కులు ఎందుకు ఆగుతాయో, ఎలా కదులుతాయో లెక్కతో సహా చెబుతాను. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

మనకెందుకు ఈ పరీక్ష

ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులున్నాయి. ఆ గనుల్లో పని కోసం వచ్చిన తెలుగువాళ్లు అక్కడే స్థిరపడ్డారు. 2001లో గనులు మూతపడ్డాయి. మనవాళ్లు మాత్రం ఉండిపోయారు. ఆ కేజీఎఫ్‌లోనే, పారిశుధ్య పని చేసుకునే తెలుగు దళిత కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ గారు పుట్టారు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. అమలు లేదు. 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పని తమ దగ్గర లేదని ప్రభుత్వాలు చెబుతుంటే, ఉందని ఫొటోలతో, వివరాలతో చూపించాల్సి వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ఇచ్చిన మరో తీర్పులో మురుగుకాల్వ మరణాలకు పరిహారం 30 లక్షలకు పెంచింది.

తీర్పు ఉంది. హోసూరులోనో సోలాపూర్‌లోనో భర్తను పోగొట్టుకున్న మన అక్క ఆ డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఫైలు పట్టుకుని ఆమె వెంట నడిచే లాయరు ఎవరు? ఆమె తెలుగులో చెప్పిన బాధను ఇంగ్లీషు అర్జీగా రాసేది ఎవరు?

ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. దాన్ని ప్రశ్నిస్తూ 2004లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తున్న వ్యక్తికి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని అదే కోర్టు తీర్పు చెప్పింది. యానాం నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది ఇంటి సంగతి. తీర్పు మనకు నచ్చకపోవచ్చు. కానీ ఆ తీర్పును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఎక్కడ ఏ మాట మీద అది నిలబడిందో చెప్పగలిగినవాళ్లు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారు? అందుకే ఈ పరీక్ష మనకు కావాలి. అందుకే 70 దగ్గర ఆగిపోయిన ఒక అమ్మాయి పుస్తకం మూసేస్తే, అది ఆమె ఒక్కదాని నష్టం కాదు.

పరీక్ష ఎలా ఉంటుంది

క్లాట్ 2008లో మొదలైంది. దీన్ని నడిపే నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్టియం ఆఫీసు ఈ ఊళ్లోనే, నాగరభావిలో ఉంది. 2023 డిసెంబరు పరీక్ష నుంచి డిగ్రీ స్థాయిలో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ఒప్పుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొద్దిగా లెక్కలు. దాదాపు అన్నీ పాసేజ్ చదివి జవాబు చెప్పేవే. ఒక్కో పాసేజ్ సుమారు 450 పదాల దాకా ఉంటుంది. పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే. అంటే ఇది ఎంత బట్టీ పట్టావని అడిగే పరీక్ష కాదు. ఎంత సరిగ్గా చదివావు అని అడుగుతుంది. మార్కులు ఆగిపోవడానికి మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది. మొదటి నెలల్లో పరీక్ష పద్ధతి అలవాటయ్యేకొద్దీ మార్కులు పెరుగుతాయి. ఆ తర్వాత పెరగాలంటే చదివే తీరు మారాలి. అది మారకుండా టెస్టుల సంఖ్య పెంచితే, పాత అలవాటే ఇంకా గట్టిపడుతుంది.

లెక్క చూడండి

ఒక అమ్మాయి అనుకుందాం. 112 ప్రశ్నలు పెట్టింది. 78 ఒప్పు, 34 తప్పు. 34 తప్పులకు ఎనిమిదిన్నర మార్కులు పోయాయి. మిగిలింది 69.5. ఆమె ఏమనుకుంటుంది? "నేను ఇంకా ఎక్కువ ప్రశ్నలు పెట్టాలి" అని. మిగిలిన 8 ప్రశ్నల వైపు పరిగెడుతుంది. ఆ తొందరలో మరో నాలుగు తప్పులు చేస్తుంది. మార్కులు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు ఇంకో దారి. ఒక్క కొత్త ప్రశ్న కూడా పెట్టలేదు. ఆ 34 తప్పుల్లో 10 ఒప్పు చేసుకుంది. 88 ఒప్పు, 24 తప్పు. కోత 6. మార్కులు 82. చూశారా? ఒక తప్పు ఒప్పయితే ఒక మార్కు రావడమే కాదు, పోయిన పావు కూడా తిరిగి వస్తుంది. పన్నెండున్నర మార్కులు ఆమె తప్పుల్లోనే దాక్కుని ఉన్నాయి.

గుడ్డిగా పెట్టడం గురించి కూడా అడుగుతుంటారు. ఏమీ తెలియని 16 ప్రశ్నలకు గుడ్డిగా జవాబులు పెడితే సగటున 4 ఒప్పు, 12 తప్పు. వచ్చింది 4, పోయింది 3, మిగిలింది ఒకటి. దాని వల్ల ఎవరూ గట్టెక్కరు. అదే 16 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లు ఖచ్చితంగా కొట్టేయగలిగితే సగటున 8 ఒప్పు, 8 తప్పు. వచ్చింది 8, పోయింది 2, మిగిలింది 6. కాబట్టి ఏది జవాబు కాదో తేల్చుకోవడం కూడా చదువే.

ఒకే పేపరు రెండుసార్లు

ఇప్పుడు అసలు మందు. అమెరికాలో ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్షకు చదివేవాళ్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. మనకూ పనికొస్తుంది. మాక్ టెస్టు గడియారం పెట్టుకుని రాయండి. అనుమానంగా పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన చిన్న చుక్క పెట్టండి. టెస్టు అయిపోగానే కీ చూడకండి. ఇది కష్టం, చెయ్యి లాగుతుంది, అయినా చూడకండి. కాస్త విశ్రాంతి తీసుకుని అదే పేపరు గడియారం లేకుండా మళ్లీ చేయండి. చుక్క పెట్టిన వాటి మీద ఎక్కువసేపు కూర్చోండి. ఈ జవాబే ఎందుకు, పక్కది ఎందుకు కాదు అన్నది ఒక్క వాక్యంలో రాయండి. అప్పుడు కీ చూడండి.

ఇప్పుడు మీ దగ్గర రెండు అంకెలున్నాయి. ఒకటి గడియారం మార్కు, రెండోది తీరిక మార్కు. కరెంట్ అఫైర్స్ పక్కన పెట్టి పోల్చండి. తెలియని వార్త తీరిగ్గా కూర్చున్నా తెలియదు కదా.

తీరిక మార్కు బాగా ఎక్కువ ఉంటే మీకు విషయం వచ్చు. కంగారు, వేగం, ఏ భాగం ముందు చేయాలన్న వరుస, ఇవి సరిచేసుకోవాలి. నమ్మకం ఉన్న భాగం ముందు చేయండి. ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే వదిలి ముందుకు పోండి. రెండు మార్కులూ దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం, మీకు టైము చాలకపోవడం కాదు, పాసేజ్ అర్థం కాకపోవడం. అలాంటప్పుడు రోజుకో మాక్ రాయడం తూకం రాయి మీద నిలబడి బరువు పెరగాలని చూసినట్టే. తూకం చెబుతుంది, తిండి పెట్టదు. రెండు మూడు వారాలు మాక్‌లు ఆపి, రోజుకు నాలుగు పాసేజ్‌లే తీసుకుని నెమ్మదిగా చేయండి.

తప్పుల పుస్తకం

ఒక నోటుబుక్ పెట్టండి. ప్రతి తప్పుకూ కారణం రాయండి. కారణాలు నాలుగే. తెలియక పోయింది. ప్రశ్నను సరిగ్గా చదవక పోయింది. రెండు ఆప్షన్ల మధ్య ఊగి పోయింది. టైము లేక పోయింది. "సిల్లీ మిస్టేక్" అని రాయడం ఈ పుస్తకంలో నిషేధం. ఆ మాట కారణాన్ని దాచేస్తుంది. "కాదు" అన్న పదాన్ని చూడలేదా? "తప్పనిసరిగా" అన్నచోట "బహుశా" అని చదువుకున్నావా? అది రాయి.

నాలుగు మాక్‌ల తర్వాత ఆ పుస్తకం తెరిచి లెక్కపెట్టండి. ఒక కారణం మిగతావాటికంటే ఎత్తుగా కనిపిస్తుంది. వచ్చే రెండు వారాలు దాని ఒక్కదాని మీదే పని చేయండి. అన్నీ ఒకేసారి బాగుచేయాలని చూస్తే ఏదీ బాగుపడదు.

ఒక్క మాక్‌లో 4 మార్కులు తగ్గితే ఏడవకండి, 4 పెరిగితే పండగ చేసుకోకండి. పేపరు పేపరుకూ కష్టం మారుతుంది. నాలుగైదు మాక్‌ల సగటు చూడండి. ఆ సగటు కదిలితేనే మీరు కదిలినట్టు.

మనవాళ్లు ప్రత్యేకంగా చేసే తప్పు

ఇది సంఘాల్లో, సంఘసేవలో పెరిగిన మన పిల్లలకు చెప్పాల్సిన మాట. లీగల్ రీజనింగ్‌లో మనవాళ్లకు మార్కులు ఆగడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఉదాహరణకు పాసేజ్‌లో ఇలా ఉందనుకోండి. యజమాని అనుమతి లేకుండా ఇతరుల స్థలంలోకి అడుగుపెడితే అది అక్రమ ప్రవేశం, ఉద్దేశంతో పనిలేదు, మినహాయింపులు లేవు. ప్రశ్న ఏమిటంటే, జోరువానలో ఒక ముసలమ్మ ఒక ధనవంతుడి వరండాలోకి వచ్చి నిలబడింది. ఇది అక్రమ ప్రవేశమా?

మన మనసు ఏమంటుంది? "కాదు, పాపం ముసలమ్మ" అంటుంది. కీలో జవాబు "అవును" అని ఉంటుంది. పిల్లవాడికి కోపం వస్తుంది. ఇదేం న్యాయం అంటాడు. బాబూ, నీ కోపం మంచిదే, దాన్ని పోగొట్టుకోకు. కానీ ప్రశ్న అడిగింది ఈ నియమం న్యాయమైనదా అని కాదు. ఈ నియమం ప్రకారం ఏమవుతుంది అని. ఆ రెండు ప్రశ్నలను విడదీయడం రాని లాయరు ఆ ముసలమ్మను కాపాడలేడు. నియమం ఏం చెబుతోందో ఉన్నది ఉన్నట్టు చదివినవాడికే అది ఎక్కడ అన్యాయమో, ఎక్కడ సందు ఉందో, ఏ మాట మార్చాలో కనబడుతుంది.

బైబిల్లో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు నిలబడ్డారు. వాళ్లు మాట్లాడిన వరుస చూడండి. మా తండ్రి అరణ్యంలో చనిపోయాడు అన్నారు. అది వాస్తవం. కోరహు తిరుగుబాటులో ఆయన లేడు అన్నారు. అంటే ఎదుటివాళ్లు లేవనెత్తగల అభ్యంతరానికి ముందే జవాబు. ఆయనకు కొడుకులు లేరు, అందుచేత ఆయన పేరు పోతుంది అన్నారు. అంటే ఉన్న నియమం అమలైతే జరిగేది. ఆఖరున ఒకే ఒక్క కోరిక, తండ్రి అన్నదమ్ములతో పాటు మాకూ భాగం కావాలి. వాళ్ల మాట న్యాయమని తేలింది. వాళ్లకు భాగం రావడమే కాదు, అది అందరికీ వర్తించే కట్టడ అయింది.

లూకా 18వ అధ్యాయంలోని విధవరాలి దగ్గర మనం పట్టుదల నేర్చుకుంటాం. ఆ ప్రసంగం మీరు చాలాసార్లు విన్నారు. ఈ ఐదుగురు అక్కచెల్లెళ్ల దగ్గర పద్ధతి నేర్చుకోవాలి. మార్కులు ఆగినప్పుడు మనవాళ్లు పట్టుదల పెంచుతారు, పద్ధతి మార్చరు. రాత్రి ఒంటిగంట దాకా చదివేది రెండు గంటల దాకా చదువుతారు. నేను చెప్పేదల్లా ఒక్కటే. పట్టుదల మీకుంది. పద్ధతి మార్చండి.

మూడు భాషల పిల్లలు

మీలో చాలామందికి ఇంట్లో తెలుగు. బయట కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. పరీక్ష ఇంగ్లీషులో. దీన్ని మీరు లోపం అనుకుంటున్నారు. చిన్నప్పటి నుంచి అమ్మకు బ్యాంకు ఫారం చదివి చెప్పింది మీరే, నాన్నకు రేషన్ ఆఫీసులో మాట కలిపింది మీరే. ఒకరి మాటను ఇంకొకరికి అర్థం చెడకుండా అందించడం, సగం లాయరు పని అదే.

దాన్నే సాధనగా మార్చుకోండి. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవండి. పేపరు మూసి, ఇంట్లో ఎవరికైనా తెలుగులో మూడు వాక్యాల్లో చెప్పండి. రాసినవారు ఏమంటున్నారు, ఎందుకంటున్నారు, దేన్ని కాదంటున్నారు. మూడోది చెప్పలేకపోతే మళ్లీ చదవండి. వారానికి ఒకసారి సుప్రీంకోర్టు తీర్పులో నాలుగు పేజీలు చదవండి. కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. తెలుగులో చదివి ఇంగ్లీషులో చదివితే భయం పోతుంది. వేగం దానంతట అదే వస్తుంది. అర్థం లేకుండా వేగం కోసం పరిగెత్తితే రెండూ రావు.

డబ్బు లేని పిల్లలకు క్లాట్ శిక్షణ ఇచ్చేందుకు షంనాద్ బషీర్ గారు 2010లో ఐడియా అనే సంస్థ ప్రారంభించారు. ఆయన 2019లో కన్నుమూశారు, ఆ పని సాగుతోంది. అలాంటి సహాయం కోసం అడగడానికి సిగ్గుపడకండి.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు

కొన్నేళ్లుగా ఈ పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం జరుగుతోంది. అంటే సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు, క్యారల్స్ ప్రాక్టీసు, నాటిక రిహార్సల్స్, అన్నీ ఆఖరి నెలలోనే వచ్చి పడతాయి. పెద్దలారా, ఆ ఒక్క నవంబరు ఆ పిల్లలను వదిలేయండి. గిటారు వేరేవాళ్లు వాయిస్తారు. పరీక్ష రోజు ఆరాధనకు రాలేదని ఎవరూ వాళ్లను గుచ్చి మాట్లాడవద్దు. మీరు ప్రార్థించి పంపండి, వాళ్లు వెళ్లి రాస్తారు.

అప్లికేషన్ ఫీజు ఇటీవలి సంవత్సరాల్లో జనరల్ వాళ్లకు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు 3,500. మనలో చాలా ఇళ్లకు అది పెద్ద మొత్తమే. ఒక సంఘం ఏడాదికి ఇద్దరి ఫీజు కట్టలేదా? చర్చి హాలు వారంలో ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుంది? నాలుగు బల్లలు, ఫ్యాను, ఇంటర్నెట్ ఉంటే అదే స్టడీ సెంటరు. కుల, నివాస, ఆదాయ సర్టిఫికెట్ల పని ఆఖరి నిమిషం దాకా ఉంచకండి. పక్క రాష్ట్రంలో స్థిరపడిన మనకు ఆ కాగితాలే పెద్ద చిక్కు.

అమ్మలారా, నాన్నలారా, ప్రతి మాక్ తర్వాత "ఎన్ని వచ్చాయి?" అని అడగకండి. "ఈసారి ఏ తప్పు దొరికింది?" అని అడగండి. పిల్లలను నిద్రపోనివ్వండి. వారానికి ఒక రోజు విశ్రాంతి అన్నది మనకు ఆజ్ఞగా వచ్చిందే కదా. నిద్ర లేని కళ్లు "కాదు" అన్న పదాన్ని దాటేస్తాయి.

ఈ తలుపు తెరుచుకోకపోతే

అన్నీ చేసినా సీటు రాకపోవచ్చు. సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. అప్పుడు ఏం చేయాలి? పన్నెండో తరగతి మార్కులతో చేర్చుకునే లా కాలేజీలు కర్ణాటకలో, తమిళనాడులో ఉన్నాయి. మహారాష్ట్రలో రాష్ట్ర సెట్ ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లాసెట్ ఉంది. పుదుచ్చేరిలో అంబేడ్కర్ పేరుతో ప్రభుత్వ లా కాలేజీ ఉంది. డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. క్లాట్‌కు వయోపరిమితి లేదు, మళ్లీ రాయవచ్చు కూడా. ఏ కాలేజీలో చదివినా వేసుకునే నల్లకోటు ఒక్కటే. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు జనరల్ వాళ్ల దగ్గర 750, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, అవసరమవుతుంది.

మాక్ టెస్టులో వచ్చిన అంకె ఆ రోజు ఆ పేపరును మీరు ఎలా చదివారో చెబుతుంది. మీరెవరో చెప్పదు. ఆ అంకె ఆగిపోతే, ఇప్పటిదాకా చదివిన తీరు ఇక్కడిదాకానే తీసుకురాగలదని అర్థం. అంతకంటే ఎక్కువ అర్థం దానికి ఇవ్వకండి.

ఇంటికి వెళ్లాక కొత్త పేపరు తెరవకండి. ఆఖరుసారి రాసిన మాక్ బయటికి తీయండి. తప్పులను లెక్కపెట్టండి. ఒక్కోదాని పక్కన కారణం రాయండి. రేపటి చదువు అక్కడి నుంచి మొదలవుతుంది. మురుగుకాల్వలో కొడుకును పోగొట్టుకున్న తల్లి, సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కుతున్న తండ్రి మీ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లకు కావలసింది నియమాన్ని సరిగ్గా చదివే కళ్లు.

ప్రభువు మీకు తోడైయుండును గాక.